బటర్ లేకుండా బిస్కెట్లు, కేకు: కావలి ఎండల్లో కుదురుతాయా?

కావలి వంటిల్లు:
మా తమ్ముడు, మరదలు వచ్చే వారం బెంగళూరు నుంచి వస్తున్నారు. ఆ పిల్ల వీగన్. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు ఏదీ ముట్టదు. మావాడి పుట్టినరోజు కూడా అప్పుడే పడింది. బిస్కెట్లు, చాక్లెట్ కేకు ఇంట్లోనే చేద్దామని ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) దుమ్ము దులిపాను. బటర్ బదులు ఏం వాడాలి? షాపాయన పచ్చ చుక్క చూపించి మార్జరిన్ (నూనెలతో చేసే బటర్ లాంటిది) చేతిలో పెట్టాడు. వెనక చూస్తే చిన్నక్షరాల్లో ‘మిల్క్ సాలిడ్స్’. ఇంట్లో మా అత్తమ్మేమో “నెయ్యి లేని బొబ్బట్టు పెట్టి పంపిస్తావా” అని ఒకటే గోల.

సింగరాయకొండ:
డాల్డా వాడండి అక్కా. పాలుండవు, చవక కూడా.

ఒంగోలు ఓవెన్:
డాల్డాతో పని జరుగుతుంది, కాదనను. 2022 జనవరి నుంచి ఇలాంటి వాటిలో గుండెకి చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని రూలు కూడా ఉంది. కానీ తిన్నాక అంగిట్లో ఆ జిడ్డు నాకు పడదు. నా ఆర్డర్లకి కొబ్బరినూనే.

పచ్చ చుక్క ఉంటే శాకాహారమనే అర్థం, పాలు ఉండొచ్చు. వీగన్‌కి ఆకుపచ్చ ‘వి’ గుర్తు వేరే ఉంది.

కేకుకి అసలు బటర్ గొడవే వద్దు. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పంచదార, పావు కప్పు కోకో, టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు కలిపి, అందులో కప్పు నీళ్లు, కప్పులో మూడోవంతు నూనె, టేబుల్ స్పూను వెనిగర్ పోయండి. వెనిగర్, సోడా కలిసి పొంగిస్తాయి. అందుకే కలిపిన వెంటనే ఓవెన్‌లోకి వెళ్లాలి. 180 డిగ్రీల్లో అరగంట, మహా అయితే ఇంకో ఐదు నిమిషాలు.

తంటా అంతా బిస్కెట్ల దగ్గరే. బటర్‌లో కొవ్వు 80 శాతం, మిగతాది చాలావరకు నీళ్లు. నూనె మొత్తం కొవ్వే. కాబట్టి 100 గ్రాముల బటర్ అని ఉన్నచోట 80 గ్రాముల కొబ్బరినూనె, టేబుల్ స్పూను నీళ్లు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఎండల్లో గట్టిగా ఉండటం కల్ల. స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, వేలితో నొక్కితే గుంట పడే సమయానికి తీసి, పంచదార పొడి వేసి గిలక్కొట్టండి. మరీ గట్టిపడితే పెచ్చులుగా విరుగుతుంది తప్ప పంచదారతో కలవదు. బిస్కెట్లు పేర్చిన ట్రే మళ్లీ అరగంట ఫ్రిజ్‌లో ఉండాలి. అది ఎగ్గొడితే అన్నీ కరిగి ట్రే అంతా ఒకటే అట్టు! రిఫైన్డ్ కొబ్బరినూనెకి కొబ్బరి వాసన ఉండదు. గానుగ నూనె అయితే కొబ్బరి బిస్కెట్లని చెప్పి పెట్టేయండి, ఎవరడుగుతారు?

నెల్లూరు పెద్దమ్మ:
అమ్మాయ్, బొబ్బట్లకి టెన్షన్ దేనికి? పిండి తడిపేటప్పుడు ఎటూ నూనే కదా వేసేది. పెనం మీద కూడా నువ్వుల నూనెతోనే కాల్చు. తినేటప్పుడు నెయ్యి బదులు వేడివేడి బొబ్బట్టు మీద చిక్కటి కొబ్బరిపాలు పొయ్యి. పూర్ణంలో యాలకులు కాస్త ఎక్కువ పడాలి. ఆవకాయ అన్నంలోకి నువ్వుల నూనె మనకేం కొత్త కాదు. చేపల పులుసు మాత్రం ఆ పిల్ల ముందు పెట్టబాకండి, పాపం.

కావలి వంటిల్లు:
అత్తమ్మకి చదివి వినిపించా పెద్దమ్మా. కొబ్బరిపాల మాట విన్నాక కొంచెం మెత్తబడింది. ఓవెన్ గారూ, మరి కేకు మీద క్రీమ్?

ఒంగోలు ఓవెన్:
ఈ ఎండల్లో కొబ్బరినూనె క్రీమ్ జోలికి పోవద్దు, కొవ్వొత్తి వెలిగించేలోపు కారిపోతుంది. అర కప్పు చిక్కటి కొబ్బరిపాలు వేడి చేసి, 150 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కల మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి కలపండి. చల్లారాక కేకు మీద పరిచి, కోసేదాకా ఫ్రిజ్‌లో ఉంచండి. డార్క్ చాక్లెట్ అని రాసినవాటిలో కూడా పాలు కలుపుతుంటారు, రేపర్ వెనక చదివే కొనండి.