రచయితల పఠన సభకు 100 రూపాయల టికెట్ పెట్టవచ్చా?

వీధి గ్రంథాలయం:
మా ఊళ్లో ట్రస్టు నడిపే చిన్న గ్రంథాలయం ఉంది. కమిటీలో నేనూ ఒకణ్ణి. ఇంటి పన్నుతో పాటు అందరం కట్టే గ్రంథాలయ సెస్సు, రూపాయికి 8 పైసలు, జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది. మాలాంటి వాళ్లకు అందులో ఏమీ రాదు. మొన్నటి వానలకు కప్పు కారి, నిఘంటువుల బీరువా మీద టార్పాలిన్ కప్పాం. మేస్త్రీ 85 వేలు అవుతుందన్నాడు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారంలో ముగ్గురు రచయితలను పిలిచి, వాళ్ల కథలు వాళ్ల చేతే చదివించి, మనిషికి 100 టికెట్ పెడదామనుకుంటున్నాం. హాల్లో 120 కుర్చీలు పడతాయి. కమిటీలో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

ముందు వరస:
వద్దండీ. నలభై ఏళ్లుగా సాహిత్య సభలకు వెళ్తున్నాను, గుమ్మం దగ్గర డబ్బు అడిగినవాళ్లు లేరు. హరికథకు పళ్లెం తిప్పేవారు, కలిగినవాళ్లు వేసేవారు. మీరూ అదే చేయండి.

చలిచీమ:
సినిమాకు 200 పెడతాం. కథకు 100 పెట్టలేమా?

ముందు వరస:
సినిమాతో పోల్చకండి. ఆ మధ్య ఒక సంస్థ వాళ్లు టికెట్ పెడితే నేనూ మా ఆవిడా కొనుక్కుని వెళ్లాం. మొదటి మూడు వరసలూ అతిథులకని తాడు కట్టేశారు. డబ్బు కట్టిన మేం ఫ్యాను లేని మూల కూర్చున్నాం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మధ్యలోనే లేచి వచ్చేశాం. టికెట్ అంటే నాకు గుర్తొచ్చేది అదే.

పన్ను లెక్క:
ఒక మాట. టికెట్ కొంటే ప్రతిఫలంగా కార్యక్రమం చూస్తున్నారు కాబట్టి అది విరాళం కిందకి రాదు, ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు ఇవ్వకండి. విరాళం విడిగా తీసుకోండి. నగదు విరాళం 2,000 దాటితే మొత్తానికీ మినహాయింపు ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు.

కథల సంచి:
అందరూ వంద గురించే మాట్లాడుతున్నారు. చదవడానికి వచ్చే ముగ్గురికీ ఎంత ఇస్తున్నారు?

వీధి గ్రంథాలయం:
శాలువా, జ్ఞాపిక, భోజనం. ఇది గ్రంథాలయం కోసం చేసే కార్యక్రమం కదండీ. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ అంతటివాడు 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో ఒక విద్యాసంస్థ నిధి కోసం మూడు సాయంత్రాలు చదివాడు. తనకంటూ ఏమీ తీసుకోలేదు. చివరి రోజు కార్మికుల కోసం ఆరు పెన్నీలకే టికెట్ పెట్టించాడు.

ముందు వరస:
చూశారా! కార్మికులకు తగ్గించాల్సి వచ్చిందంటే టికెట్ అడ్డమేనని ఆయనకూ తెలుసు.

కథల సంచి:
అదే డికెన్స్ 1858 నుంచి సొంతానికి డబ్బు తీసుకుని చదివాడు. ఆ ముక్క వదిలేశారు. మైకు అతనికి ఇస్తారు, షామియానాకు ఇస్తారు, శాలువా అమ్మిన కొట్టుకు ఇస్తారు. రాసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి సేవ అంటారు. మా ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి. కిందటి నెల సొంత డబ్బుతో వేసుకున్న నా పుస్తకానికి ప్రెస్సు వాళ్ల బాకీ ఇంకా తీరలేదు.

వీధి గ్రంథాలయం:
మీది పనైతే మాది కాదా? పదహారేళ్లుగా రోజూ సాయంత్రం నాలుగింటికి తలుపు తీస్తున్నాను, ఎనిమిదింటికి వేస్తున్నాను. జీతం లేదు. కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తనకు వచ్చిన అవార్డు డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం కథానిలయం తెరిచారు. రచయితలు గ్రంథాలయానికి ఇచ్చిన కాలం అది. ఇప్పుడు ఒక్క సాయంత్రానికి పారితోషికం అడుగుతున్నారు. మనసుకు కష్టంగా ఉంది.

చలిచీమ:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

కథల సంచి:
కారా మాస్టారు తనంతట తానే ఇచ్చారు. ఎవరో ఆయన బదులు నిర్ణయించలేదు.

ఇక అసలు సంగతి చెప్తాను. రెండేళ్ల కిందట ఒక ఊరి గ్రంథాలయం వాళ్లు ఇలాగే సహాయార్థం పిలిచారు. నాలుగు గంటలు బస్సులో వెళ్లాను. కథ ఇరవై రెండు నిమిషాలు. వారం రోజులు ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చదువుకున్నాను. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. వెళ్లి చూస్తే వేదిక మీద తొమ్మిది మంది. అధ్యక్షులు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, దాతలు. నా చేతికి మైకు వచ్చేసరికి రాత్రి తొమ్మిది. “అమ్మా, భోజనాలు చల్లారిపోతున్నాయి, సారాంశం చెప్పేయండి” అన్నారు. చెప్పాను. ఆ గీతలు పెట్టుకున్న కాగితాలు సంచిలోంచి తియ్యనే లేదు.

నా కథ విని ఉంటే బస్సు ఛార్జీ కూడా అడిగేదాన్ని కాదు.

ముందు వరస:
అయ్యో. నేను అలాంటి సభల్లో చాలాసార్లు కూర్చున్నానమ్మా. సారాంశమే చెప్తారని అలవాటైపోయి, అదే పద్ధతి అనుకున్నాను.

వీధి గ్రంథాలయం:
నేనూ దాచకుండా చెప్తాను. హాలు నిండినా వచ్చేది 12 వేలు. కప్పు దాంతో అవదు. మిగతాది దాతలు ఇవ్వాలి. దాతలు వేదిక ఎక్కించి మైకు ఇస్తేనే ఇస్తారు. కిందటేడు మూడు ఇనుప బీరువాలు ఇచ్చిన పెద్దాయన ఇరవై నిమిషాలు మాట్లాడారు, ఈసారీ మాట్లాడతానన్నారు. ఆయన్ని వద్దంటే టార్పాలిన్ అలాగే ఉంటుంది. పుస్తకాలు తడుస్తుంటే నేను ఎవరి మాట చూడాలి?

కథల సంచి:
అలాగైతే దాతల సభ అని పిలవండి, టికెట్ మీద మా పేర్లు వేయకండి. మా పేరు చూసి కొన్నవాళ్లకు మా కథ వినిపించాలి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా.

ముందు వరస:
ఇది నాకూ సబబుగా ఉంది. పూర్తి కథ వినిపిస్తామంటే నేనే రెండు టికెట్లు కొంటాను. బడి పిల్లలకు మాత్రం ఊరికే రానివ్వండి.

వీధి గ్రంథాలయం:
పిల్లల సంగతి ఒప్పుకుంటున్నాను. ముందు మూడు కథలూ పూర్తయ్యాకే దాతల మాటలు అని ఆదివారం కమిటీలో పెడతాను. దారి ఖర్చులు ముందే పంపాలని కూడా రాసుకున్నాను. పారితోషికం మాత్రం ఈసారి ఇవ్వలేం అండీ. బీరువాల పెద్దాయన ఇంటికి రేపు నేనే వెళ్లాలి. చివర్లో మాట్లాడమంటే ఏమంటారో.