‘ఆటలో అరటిపండు’: మీ గల్లీలో ఏమనేవారు?

పిల్లల కథ ఒకటి రాస్తున్నాను. లాల్‌దర్వాజ దగ్గర ఒక గల్లీ, బడి వదిలాక లింగోచ (ఏడు పెంకులాట). నాలుగేళ్ల బుడ్డోడు ఒకడు వచ్చి నేనూ ఆడతానంటాడు. వద్దంటే ఏడుస్తాడు, సరేనంటే ఆట చెడుతుంది. ‘వీడు ఆటలో అరటిపండు’ అని కలుపుకుంటారు. బంతి తగిలినా వాడు ఔట్ కాడు. చివర్లో వాడే గెలిపిస్తాడు. నా ఇబ్బంది ఏమిటంటే, తెలుగూ ఉర్దూ కలిసిపోయిన అలాంటి గల్లీల్లో నేను విన్నది ‘కచ్చా లింబు’. ఏ మాట పెట్టను?

—

రెండూ పెట్టండమ్మా. అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న పెద్దమ్మ ‘వాణ్ణి అరటిపండు చేసి ఆడించుకోండ్రా’ అంటుంది. పిల్లలు మాత్రం ‘అరె, కచ్చా లింబు!’ అని అరుస్తారు. ఎవరి నోట ఏ మాట వస్తుందో అది రాస్తే చాలు, కింద అర్థం ఇవ్వనక్కర్లేదు.

ఇందులో తమాషా చూడండి. అక్కడ పచ్చి నిమ్మకాయ, ఇక్కడ మాగిన పండు. పైగా పంటలు వేసేటప్పుడు, అందరూ అరచేయి బోర్లా పెడితే ఒక్కడే వెల్లకిలా పెట్టాడనుకోండి, వాడు ‘పండాడు’, తప్పించుకున్నాడు. ఆఖరికి పండకుండా మిగిలినవాడే దొంగ. మన బుడ్డోడు పంటలు వేయకుండానే పండిన ఘటం!

పెద్దవాళ్లం ఈ మాటను పాడుచేశాం. మీటింగులో ‘నేను ఆటలో అరటిపండుని’ అంటే, నన్ను లెక్కచేసేవాళ్లు లేరని మూలుగు. బుడ్డోడికి ఆ బాధ లేదు, దర్జాగా తిరుగుతాడు.

—

మాట సంగతి తేలింది గానీ, అక్కా, బుడ్డోడు గెలిపించడం మాత్రం వద్దు. వంద కథల్లో చూశాం. నిజంగా గల్లీలో ఏం జరుగుతుంది? బంతి దెబ్బకి గూనపెంకు ముక్కలన్నీ చెదిరిపోతాయి. మళ్లీ పేర్చాలి. పేర్చడానికి వంగినవాడి వీపు మీద బంతి పడితే ఔట్. అప్పుడు ఒక గడుగ్గాయికి ఐడియా వస్తుంది: అరటిపండుకి దెబ్బ లెక్కలేదు కదా, వాడి చేతే పేర్పిస్తే? అవతలి జట్టు ఊరుకుంటుందా? ‘చీటింగ్, చీటింగ్’ అని గొడవ. ‘అరటిపండు పెంకు ముట్టొద్దు’ అని అక్కడికక్కడే కొత్త రూలు. బుడ్డోడు ఏడుపు. దాన్ని ఆపడానికి ఇంకో రూలు: నాలుగు ముట్టొచ్చు, పై మూడూ ముట్టొద్దు. కథంతా అక్కడే ఉంది. నేనైతే ఆ బుడ్డోడి చేతే చెప్పిస్తాను. ఓడిపోతానన్న టెన్షన్ లేదు కాబట్టి ఎవడు తొండి చేశాడో వాడికే బాగా కనబడుతుంది.

—

ఇది బాగుంది తమ్ముడూ, చివర మార్చేస్తాను. కానీ నాలుగేళ్లవాడి నోట అంత కథ నడుస్తుందా?

—

నడవకపోతే ఏడేళ్ల అక్కని పెట్టండి, చంకలో వాణ్ణి మోస్తూ ఆడే అక్క. పంతులమ్మ గొంతు మాత్రం రానివ్వకండి. రేడియోలో పిల్లల చేత పాడించి, మాట్లాడించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అన్నయ్య, అక్కయ్య అయ్యారు గానీ మాస్టారు, టీచరు కాలేదు.

అన్నట్టు, మా అమ్మ వాళ్లు ‘ఉత్తుత్తి’ అనేవారు. ‘వీడు ఉత్తుత్తికి ఆడుతున్నాడు’ అని. ఇంకెవరైనా విన్నారా?