క్లెబ్సియెల్లా డీఎన్ఏ నుంచి జిగట వదలడం లేదు, సీక్వెన్సింగ్ మధ్యలో ఆగిపోతోంది

హైదరాబాద్ తార్నాకలోని ఒక చిన్న ప్రయోగశాలలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా జీనోమ్‌లు, అంటే సుమారు 55 లక్షల బేసుల (డీఎన్ఏ అక్షరాల) క్రమాలు, చదువుతున్నాం. అదే కిట్టు, డీఎన్ఏను సన్నని రంధ్రాల గుండా పంపి చదివే అదే నానోపోర్ యంత్రంతో ఇ.కోలై బ్యాక్టీరియా హాయిగా నడుస్తుంది. లూపుతో కాలనీని తాకి ఎత్తితే తీగలా సాగే జిగట రకం వస్తేనే తంటా. మొదట 1,200 దాకా పనిచేసే రంధ్రాలు రెండు గంటల్లో 300కు పడిపోతున్నాయి.

కాంతి శోషణతో శుద్ధత చూస్తే, ప్రోటీన్ కల్తీని చెప్పే 260/280 నిష్పత్తి 1.84, దాంతో పేచీ లేదు. చక్కెరలు, లవణాల వంటి కల్తీని చెప్పే 260/230 మాత్రం 2.0 ఉండాల్సింది 0.9 దగ్గరే ఉంది. బ్యాక్టీరియా పైపొరలోని పాలీశాకరైడ్లు (పొడవైన చక్కెర గొలుసులు) డీఎన్ఏతో పాటే వచ్చేస్తున్నాయని నా అనుమానం.

వాటిని వేరుచేయడానికి సీటాబ్ అనే డిటర్జెంటు, 0.7 మోలార్ ఉప్పుతో డీఎన్ఏ శుద్ధి చేశాను. 70 శాతం ఇథనాల్‌తో అదనంగా కడిగాను. అయస్కాంత పూసలతో శుద్ధి చేస్తే 260/230 నిష్పత్తి 1.2కు వచ్చి ఆగింది. కాలమ్ కిట్టుతో 1.9 వచ్చింది కానీ డీఎన్ఏ ముక్కలైంది. మందులకు లొంగని జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్ల (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాల) మీదే ఉంటాయి, వాటిని పూర్తిగా కూర్చాలంటే పొడవైన రీడ్లు (యంత్రం ఒక్కసారిగా చదివే డీఎన్ఏ ముక్కలు) కావాలి. (ఖరీదైన కొత్త కిట్టు కొనమనే సలహా మాకు పనికిరాదు, నిధులు లేవు.)

రీడ్ల పొడవు 20 వేల బేసులకు తగ్గకుండా ఈ పాలీశాకరైడ్లను వదిలించడానికి మీరు స్వయంగా చేసి ఫలితం చూసిన పద్ధతి ఏది?