ఏడాది కారానికి మిర్చి: కల్లం కాడ టోకున కొనుడా, దుకాణంల కొనుడా?

హన్మకొండ_పైఅంతస్తు:
మా అపార్ట్‌మెంట్ల పన్నెండు ఇండ్లోళ్లం కలిసి ఈసారి క్వింటాన్నర మిర్చి కల్లం కాడనే కొందామనుకుంటున్నం. ఘాటుకు తేజ రకం, రంగుకు చపాట రకం. తొడిమలు తీసి గిర్నీల పట్టిస్తే ప్యాకెట్ కారం కంటె మస్తు నయం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల జెండా పాట ధర పేపర్ల రోజూ వస్తనే ఉన్నది. రైతు ఆ లెక్కన మాకిస్తే నడుమ అడ్తిదారు (దళారి) తీస్కునే కమీషన్ ఇద్దరికీ మిగుల్తది. ఎవరన్న ఇట్ల కొన్నరా?

కాజీపేట_జంక్షన్:
కొన్నం. బస్తా మీద మంచి కాయ, అడుగున రంగు పోయిన తాలు కాయ. ఇగ చాలు.

నర్సంపేట_కల్లం:
అన్నా, జెండా పాటంటే ఆ పొద్దు యార్డ్ల అన్నిటికన్న మంచి లాట్‌కు పలికిన ధర. మిగతా బస్తాలన్ని దానికి తక్కువకే పోతయి. మీరు నిజంగ జెండా పాటకు కొంటమంటే ఇయ్యాలనే రాండ్రి. కని కల్లం కాడికొచ్చినంక ఎవ్వరు ఆ మాట అనరు, "పక్క రైతుకు ఎంత పడ్డది" అని అడుగుతరు.

కరీంనగర్_వంటిల్లు:
ధర సంగతి తర్వాత, ముందు తేమ చూస్కోండ్రి. పది కాయలు గుప్పిట్ల పట్టి ఊపితే గింజ గలగలమనాలె. తొడిమ కాడ వంచితే విరగాలె, మెత్తగ వంగిందంటే వద్దే వద్దు. ఎండు మిర్చిల తేమ 11 శాతం దాటొద్దు. దాటితే బూజొస్తది, అండ్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడ్తది, అది పట్టించినా పోదు, వేయించినా పోదు. ఇంకొకటి, గిర్నీ నుంచి వేడివేడిగ వచ్చిన కారం బట్ట మీద ఆరబోయకుండ జాడీల పోస్తే గడ్డ కడ్తది. చపాటకు 2025ల జీఐ (ఫలానా ప్రాంతపు పంట అనే) గుర్తింపు వచ్చింది కదా, ఏ గుండ్రటి కాయ చూపించినా చపాటనే అంటున్నరు, పైలం.

హన్మకొండ_పైఅంతస్తు:
చూసిన్రా, నేననేదీ అదే. తేమకు మేమెందుకు పైసలియ్యాలె? కాంటా మా డాబా మీద ఎండినంక పెట్టాలె.

నర్సంపేట_కల్లం:
మీ డాబా మీదనా? వారం రోజులు ఎండబెట్టి తూకం తగ్గిందని నాకు ఫోన్ కొడ్తరు. మరీ ఎండితే కాయ పగిలి గింజ రాలుతది, అది ఎవరి లెక్కల రాస్తరు?

హన్మకొండ_పైఅంతస్తు:
గింజ సంగతి కాదు, తేమ సంగతి చెప్పు. మా అక్కకు ఒకాయన నీళ్లు చల్లిన మిర్చి అంటగట్టిండు. కారం మొత్తం పారబోసింది. రైతును అడిగితే తప్పా?

కాజీపేట_జంక్షన్:
మా బస్తా అడుగున ఉన్నది తాలే గాదు, తడి తాలు.

నర్సంపేట_కల్లం:
అందరినీ ఒక్క గాట కట్టకున్రి. నిరుడు ఒక కాలనీ గ్రూపోళ్లు రెండు క్వింటాళ్లు పక్కకు పెట్టుమన్నరు, పెట్టిన. అడ్తిదారు బండి పంపుతనంటే వద్దన్న. వీళ్లొచ్చేసరికి ధర దిగింది. ఆడోళ్లు మొగోళ్లు కల్లంల కూసోని ఎర్రగ నిగనిగలాడే కాయ ఒక్కొక్కటి ఏరి సగం బస్తా నింపుకపోయిన్రు. మంచి కాయ పోయినంక మిగిలిన రాశిల తాలే కనవడ్తది కదా. యార్డ్ల కొనే ఖరీదుదారు చెయ్యి పెట్టి చూసి మొత్తం లాట్‌ను కిందికి దించిండు. ఆ సగం బస్తాకు వాళ్లిచ్చిన పైసలతోని ఆ నష్టం నాకు పూడలే.

హన్మకొండ_పైఅంతస్తు:
ధర దిగినంక పాత ధర ఎవరిస్తరు? మేమేమన్న దానం చేయనీకి వచ్చినమా?

నర్సంపేట_కల్లం:
ఎక్కితే మాత్రం "మాట ఇచ్చినవు" అంటరు గదా!

పోచమ్మమైదాన్:
ఇద్దరూ జర ఆగుండ్రి. బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చిన్రా, లేదా?

నర్సంపేట_కల్లం:
ఎక్కడి బయానా! మీరు కమీషన్ మిగుల్తదంటున్నరు. 2021–22ల తామర పురుగు పూతంత నాశనం చేస్తే మళ్ల మందులకు పైసలిచ్చింది అడ్తిదారే. మిత్తి గట్టిగనే తీస్కున్నడు, కాదన్న. కని ఇచ్చిండు. ఆయన్ని వదిలి మీకు అమ్మితే, పంట పోయిన ఏడు నేనెవరి గడప తొక్కాలె?

హన్మకొండ_పైఅంతస్తు:
అప్పులిచ్చుడు మా పనా? మేం కారం తినేటోళ్లం.

నర్సంపేట_కల్లం:
అయితే కమీషన్ ఊకెనే పోతున్నదన్న మాట తీసెయ్యుండ్రి.

కరీంనగర్_వంటిల్లు:
నా తేమ మాట ఎవ్వరు పట్టించుకోలే.

హన్మకొండ_పైఅంతస్తు:
మా గ్రూపుల బయానా అని పెట్టిన. పొద్దటి సంది ముగ్గురే సరే అన్నరు, మిగతావాళ్లు చూసి ఊకున్నరు. క్వింటాన్నర సంగతి పక్కకు పెట్టు అన్నా, ఒక్క బస్తా అయితే ఇస్తవా?

నర్సంపేట_కల్లం:
ఒక్క బస్తాకు బయానా వద్దు. ఏరుడు కూడ వద్దు.