స్టేల్‌మేట్‌ను ‘ప్రతిష్టంభన’ అనవచ్చా?

ఎంవీపీ కాలనీ నుంచి ప్రశ్న:
మా గుంటడు ఈ మధ్యే చదరంగం నేర్చుకుంటున్నాడు. ఎదుటివాడికి రాజు ఒక్కడే మిగిలాడట, వీడికి మంత్రి కూడా ఉందట, అయినా డ్రా ఇచ్చేశారని ఇంటికొచ్చి ఒకటే గొడవ. స్టేల్‌మేట్ అంటే ప్రతిష్టంభన అని చెప్పాను. ‘‘అంటే ఏటి నాన్నా, గెలిచినట్టా ఓడినట్టా?’’ అంటాడు. దీనికి వాడికి అర్థమయ్యే తెలుగు మాట ఏదైనా ఉందా?

సీతమ్మధార నుంచి:
అది పత్రికల మాటండీ. ‘వేతన చర్చల్లో ప్రతిష్టంభన’ అంటే ఇరుపక్షాలూ పట్టు వీడటం లేదని. నాలుగు రోజులాగి ‘ప్రతిష్టంభన తొలగింది’ అని అదే పత్రిక రాస్తుంది. పీటముడి కూడా అంతే, బిగుస్తుంది, వీడుతుంది. స్టేల్‌మేట్‌లో ఇరుక్కునేది ఒక్కడే, అదీ ఎత్తు వేయాల్సినవాడు. అది తొలగడమంటూ ఉండదు, ఆట అక్కడికక్కడే అయిపోతుంది.

నియమం ఇదీ: వంతు వచ్చినవాడి రాజుకు చెక్ లేదు. కానీ రాజుతో గానీ, మిగతా పావులతో గానీ వేయడానికి చెల్లే ఎత్తు ఒక్కటీ లేదు. అప్పుడు డ్రా, చెరో అర పాయింట్. అదే చెక్ ఉండి తప్పించుకునే దారి లేకపోతే ఆటకట్టు. రాజు ఒక్కడే మిగలాలనేమీ లేదు. బంట్లు ఉన్నా అన్నీ అడ్డం పడిపోయి ఉంటే స్టేల్‌మేటే.

మీ అబ్బాయి ఆటలో బహుశా ఇలా జరిగి ఉంటుంది. నల్ల రాజు హెచ్8 మూలలో, తెల్ల మంత్రి జీ6లో (గడి పేరులో అక్షరం నిలువు వరసది, అంకె అడ్డ వరసది). పక్కనున్న జీ7, జీ8, హెచ్7 మూడు గళ్లూ మంత్రి కాపలాలోనే ఉన్నాయి. రాజు నిలబడ్డ గడి మీద మాత్రం దాడి లేదు. ఒంటరి రాజును మంత్రితో తరిమేటప్పుడు గుర్రం గెంతు దూరంలో (రెండు గళ్లు నేరుగా, ఒక గడి పక్కకు) వెంటాడమని పిల్లలకు నేర్పుతారు. మంచి పద్ధతే, రాజు మూలకు చేరేదాకా. హెచ్8 నుంచి గుర్రం గెంతు దూరం లెక్కేయండి, జీ6 వస్తుంది! అందుకే రాజు మూలలో దూరగానే మంత్రిని ఉన్నచోటే ఆపి, మన రాజును నడిపించుకుంటూ రావాలి. బోర్డు మీద పెట్టి చూపించండి, పదం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఉక్కునగరం నుంచి:
వాడి ప్రశ్న తీసిపారేసేది కాదండీ. మన పులి-మేక ఆటలో 3 పులులు, 15 మేకలు. పులుల్ని ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలదే గెలుపు. ఆ లెక్కన స్టేల్‌మేట్ చేసినవాడు గెలవాలి కదా! ఇంగ్లండ్‌లోనైతే 17, 18 శతాబ్దాల్లో స్టేల్‌మేట్ చేసినవాడే ఓడినట్టు లెక్క. అది డ్రాగా స్థిరపడింది 19వ శతాబ్దం మొదట్లో. ఇక మాటంటారా, ఆటకట్టు ఉంది కాబట్టి దీన్ని ‘ఎత్తుకట్టు’ అంటే ఎలా ఉంటుంది?

సీతమ్మధార నుంచి:
వినడానికి బాగుంది. కానీ ‘కట్టు’ చెవిన పడగానే పిల్లలు గెలిచామనుకుంటారు. నన్నడిగితే స్టేల్‌మేట్‌ను అలాగే ఉంచి, ‘ఎత్తు లేక డ్రా’ అని విడమరిచి చెబితే చాలు. పెద్దవాళ్ల ఆటల్లోనూ జరుగుతుంది లెండి. 1978 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్పోవ్, కొర్చ్‌నోయ్‌ల 5వ గేమ్ 124 ఎత్తులు సాగి స్టేల్‌మేట్‌తోనే ముగిసింది.

అక్కయ్యపాలెం నుంచి:
అసలు విషయం కాదు గానీ, చాలామంది ‘ప్రతిష్ఠంభన’ అని ఒత్తు ఠ పెడుతున్నారు. స్తంభం ఎక్కడుందో చూడండి, అందులోంచి వచ్చిన మాట ఇది. ‘ప్రతి’ చివరి ఇకారం వల్ల స కాస్తా ష అయింది, దాని వెంట త కాస్తా ట అయింది. ఒత్తు ఠ ఉండేది ‘ప్రతిష్ఠ’లో, అది ‘స్థా’ ధాతువు నుంచి వచ్చింది. రెండూ వేరు.

గోపాలపట్నం నుంచి:
డ్రా, టై కూడా కలిపేస్తున్నారు. 2018 అక్టోబరు 24న మన విశాఖ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ రెండూ 321 పరుగులే చేశాయి. అది టై. డ్రా అని ఎవరూ అనలేదు. చదరంగంలో గేమ్‌కు డ్రా అంటాం, పాయింట్లు సమమైతే మ్యాచ్‌కు టైబ్రేక్ అంటాం. 2025 మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్లో మన హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేములూ డ్రా. ర్యాపిడ్ (తక్కువ సమయపు) టైబ్రేక్‌లో దివ్య గెలిచింది.

గాజువాక నుంచి:
స్టేల్‌మేట్ ఒక్కటే డ్రా అనుకునేరు. ఇద్దరూ ఒప్పుకున్నా డ్రానే, రెండు రాజులే మిగిలినా డ్రానే. బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు వేస్తే డ్రా అడగవచ్చు. పిల్లలు తడబడేది మూడుసార్ల నియమం దగ్గర. ‘ఒకే ఎత్తు మూడుసార్లు’ అని మనవాళ్లు చెప్పేస్తుంటారు, అది సరికాదు. మూడుసార్లు రావాల్సింది ఎత్తు కాదు, బోర్డు మీది స్థితి. ప్రతిసారీ వంతు ఒకరిదే అయి ఉండాలి, రాజు కోట కట్టుకునే (క్యాస్లింగ్) హక్కుల్లాంటివీ మారకూడదు. వరసగా రావాలనేమీ లేదు, మధ్యలో వేరే ఎత్తులు పడినా లెక్కే. ఇంకొకటి, దానంతట అదే డ్రా అయిపోదు, అడగాలి. మన ఎత్తుతో మూడోసారి ఆ స్థితి వస్తుందనుకుంటే పావును ముట్టుకోకుండా ఆ ఎత్తును స్కోర్ షీట్ మీద రాసి ఆర్బిటర్‌ను (పోటీ న్యాయనిర్ణేతను) పిలవాలి. ముందే పావు ముట్టుకుంటే ఆ ఎత్తుకు అడిగే హక్కు పోతుంది.