అక్కతో మళ్లీ మాట కలిపేదెలా?

ప్రశ్న (గాజువాక నుంచి):
అమ్మ జ్ఞాపకార్థ కూడిక రోజే కంచరపాలెం ఇంటి వాటా గురించి అక్కతో గొడవపడ్డాను. అందరి ముందూ "నువ్వు అమ్మను చూసిందేముంది?" అనేశాను. నిజానికి ఆఖరి ఆరు నెలలూ అమ్మకు స్నానం చేయించింది అక్కే. నాలుగేళ్లుగా మాటల్లేవు. మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల (యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం) దగ్గర రొట్టె ముక్క తీసుకోబోతే చెయ్యి రాలేదు. పళ్లెం పక్కాయనకు అందించేశాను. అక్క ఉండేది భీమిలిలోనే. వెళ్తే మొహం మీదే తలుపేస్తుందేమోనని టెన్షన్.

జవాబు:
తమ్ముడూ, బైబిల్లో మత్తయి 5:23, 24 చదువు. నీ మీద అవతలివాళ్లకు ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. వాటా ఊసెత్తకు. ఆ రోజు అన్న మాటే మళ్లీ చెప్పి క్షమించమని అడుగు. "ఏమైనా అని ఉంటే" అనొద్దు, అది తప్పు ఒప్పుకోవడం కాదు.

ఇంకో జవాబు:
మా అన్న మొదటిసారి నన్ను గుమ్మం తొక్కనివ్వలేదండి. ఉత్తరం రాశాను. మూడు నెలలకు ఫోన్ చేశాడు. యాకోబు కూడా తను మోసం చేసిన అన్న ఏశావును మళ్లీ కలిసే ముందు ఎంత భయపడ్డాడో ఆదికాండం 32లో ఉంది.

గాజువాక నుంచి:
శనివారం వెళ్తున్నా. ఇంటి కాగితాలు కాదు, అమ్మ బైబిల్ పట్టుకెళ్తా. కీర్తనల దగ్గర అక్క చిన్నప్పటి ఎర్ర రిబ్బను ముక్క ఇంకా ఉంది.