పాప కోసం గుర్రం కొనాలనుకుంటున్నాం, సాకినవాళ్ళు దాచకుండా చెప్పండి

చంద్రగిరి నాన్న:
అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఎకరా మామిడి తోట, బోరు, ఖాళీగా పడున్న ఆవుల కొట్టం ఉన్నాయి. మా పాపకు 12 ఏళ్ళు. రెండేళ్ళ కింద తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాలను చూసినప్పటి నుంచి దానికి అదే లోకం. నోటు పుస్తకాల వెనక పేజీలన్నీ గుర్రాలే. తెలిసినాయన ఆరేళ్ళ ఆడగుర్రాన్ని లక్షా పదివేలకు ఇస్తానంటున్నాడు. నాకు కొనాలనే ఉంది. మా ఆవిడ మాత్రం "కొనే లెక్క సరే, సాకే లెక్క చెప్పు" అంటోంది. ఆ లెక్క నాకు తెలీదు.

చిత్తూరు ఊరేగింపు:
అన్నా, మాకు రెండు గుర్రాలున్నాయి, పెళ్ళి ఊరేగింపులకు పంపుతాం. మొదటిదాన్ని తమిళనాడులో అంతియూర్ ఆడి మాసం సంతలో కొన్నాం. ఒక్క గుర్రానికి మా చిట్టాలో ఉన్నది రాస్తున్నా.

బరువు 350 కిలోల దాకా ఉంటుంది. రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుమేత తింటుంది. పైన దాణా: ఉడికించిన ఉలవలు, గోధుమ పొట్టు, కొంచెం ఉప్పు. మేత, దాణా కలిపి నెలకు 7,000కు తగ్గదు. తోటలో గడ్డి వేసుకుంటే మీకు కొంత కలిసొస్తుంది. నీళ్ళు రోజుకు 30 లీటర్లు, ఎండాకాలంలో అంతకన్నా ఎక్కువే. లాడాలు ఆరేడు వారాలకొకసారి మార్చాలి. ఆ పని తెలిసిన మనిషి వేలూరు వైపు నుంచి వస్తాడు, వచ్చినప్పుడల్లా 1,500. నట్టల మందు, టీకాలు వేరే. మనిషిని పెట్టుకుంటే జీతం 12,000. మూఢాల్లో, ఆషాఢంలో మాకు రూపాయి రాదు, ఈ ఖర్చు మాత్రం అట్లే ఉంటుంది.

లాడాల దగ్గర మేము చేసిన తప్పు మీరు చేయొద్దు. ఒకసారి వేలూరు మనిషి దొరకలేదని, ఎద్దులకు లాడాలు కొట్టే ఆయన చేత కొట్టించాం. మేకు గిట్ట లోపలి మెత్తటి భాగంలోకి దిగింది. మూడో రోజుకు ఆ కాలు నేలకు ఆనించలేదు, గిట్ట పట్టుకుంటే సలసలా కాలుతోంది. చీము తీసి, కట్లు కట్టి, అది మామూలుగా నడిచేసరికి నాలుగు నెలలు. మాఘం, ఫాల్గుణం సీజనంతా పోయింది. డబ్బు తర్వాత సంపాదించుకున్నాం గానీ, మూడు కాళ్ళ మీద నిలబడి నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది.

ఇంకొకటి. ఐదేళ్ళుగా మేము నలుగురం కలిసి ఒక రాత్రి కూడా ఊరు దాటలేదు. చెల్లెలి గృహప్రవేశానికి కూడా నేనూ మా ఆవిడా వంతులేసుకుని పోయాం.

పలమనేరు అమ్మ:
తమ్ముడూ, మా వాడికి పదకొండేళ్ళప్పుడు కొన్నాం. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేది, అందుకే చుక్క అని పిలిచేవాడు. బడి నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా కొట్టంలోకి పోయేవాడు. మూడేళ్ళు మా ఇల్లు పండగలా ఉండింది, అది అబద్ధం కాదు.

ఒక ఏడాది వానల్లేక ఎండుగడ్డి దొరకలేదు. వేరుశనగ కట్టె చవగ్గా వచ్చిందని ఒక ట్రాక్టరు లోడు దించి, ఆ రోజే పూర్తిగా దానికి మార్చేశాం. కట్టె వేళ్ళకు ఇసుక అంటుకుని ఉండింది. దులపాలని మాకు తెలీదు. నాలుగో రోజు సాయంత్రం మేత ముట్టలేదు. ముందు కాలితో నేల గీకడం, మెడ తిప్పి తన కడుపు వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాం. ఎనిమిదికి చెమటలు కారుతూ కింద పడి దొర్లింది. అప్పుడు ఫోన్లు మొదలుపెట్టాం. ఆవులు, మేకలు చూసేవాళ్ళున్నారు గానీ, గుర్రమంటే ఆ రాత్రి ఎవరూ ధైర్యం చేయలేదు. డాక్టరు వచ్చేసరికి పన్నెండు దాటింది. గొట్టం వేసి నూనె పోశారు, సూదులు వేశారు. మా వాడు పగ్గం పట్టుకుని ఆ చీకట్లో ఇంటి చుట్టూ నడిపిస్తూనే ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి పడింది, మళ్ళీ లేవలేదు.

పూడ్చడానికి జేసీబీ పిలిపించాం. మాది రాతినేల, మూడు గంటలు పట్టింది. దాన్ని బకెట్‌తో ఎత్తి గుంటలో దించుతుంటే వాడిని చూడనివ్వకూడదని లోపలికి తీసుకుపోయాను. కత్తెర అడిగాడు. జూలులో ఒక పాయ కత్తిరించి తెచ్చి వాడి చేతిలో పెట్టాను. అది ఇప్పటికీ వాడి పెట్టెలో ఉంది. కొనడానికి చేసిన అప్పులో ఇంకా నలభై వేలు కట్టాల్సి ఉండింది, పది నెలలు కట్టాను. దాణా బకెట్టు మోత వినబడితే చాలు సకిలించేది. ఇప్పటికీ నేను బకెట్టు మెల్లగానే కింద పెడతాను.

రిటైర్డ్ పశువైద్యుడు, తిరుపతి:
అమ్మా, చదివి చాలా బాధేసింది. తప్పంతా మీద వేసుకోకండి, గుర్రం కడుపు నిర్మాణమే అట్లాంటిది. గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్ట చిన్నది, పేగు చాలా పొడవు, గడ్డి అరిగేదంతా వెనక భాగంలో. లోపల ఏది ఇరుక్కున్నా పైకి వచ్చే దారి లేదు. అందుకే ఆవుకు అజీర్తి చేస్తే ఒక పూట ఆగి చూసే మనం, గుర్రానికి శూలనొప్పి వస్తే గంట కూడా ఆగకూడదు. కొత్త మేతను వారం, పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. పేడ వేయడం ఆగిందంటే వెంటనే ఫోన్ చేయాలి. సొంతంగా నొప్పి మందులు పోయొద్దు.

చంద్రగిరి వారికి: మీకు తిరుపతి వెటర్నరీ కాలేజీ దగ్గర, అది 1955 నుంచి ఉంది. కొనకముందే అక్కడికి వెళ్ళి మాట్లాడి, రాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో రాసుకోండి. ధనుర్వాతం టీకా తప్పనిసరి, చిన్న మేకు గుచ్చుకున్నా గుర్రానికి ప్రాణం మీదికి వస్తుంది. గ్లాండర్స్ పరీక్ష కాగితం లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఆ జబ్బుకు టీకా లేదు, మనుషులకూ అంటుకుంటుంది. ఉందని తేలితే గుర్రాన్ని నొప్పి లేకుండా చంపి పూడ్చాల్సిందే. ఇంటిల్లిపాదీ మచ్చిక అయ్యాక ఆ మాట వినాల్సి రావడం చాలా కష్టం. వయసు నోటిమాటగా నమ్మకండి. ఐదేళ్ళు వచ్చేసరికి ముందరి పళ్ళన్నీ మారిపోతాయి, ఎనిమిది దాటాక పళ్ళు చూసి చెప్పేది సుమారు లెక్కే.

నగరి రాజు:
ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి కొనాలంటారు కదా, ఆరేళ్ళ గుర్రానికి ఏ సుడి ఉండాలి?

చిత్తూరు ఊరేగింపు:
ముందు గిట్టలు చూడు తమ్ముడూ. నడిపించి, పరిగెత్తించి చూడు. సుడులు మంచివని మేము కొన్న గుర్రానికే కదా అంత నొప్పి వచ్చింది.

జట్కా మనవడు:
మా తాత తిరుపతి స్టేషన్ బయట జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక బండి మూలపడింది. చివరి గుర్రానికి రెండు కళ్ళూ పోయాయి. అమ్మేయమని ఊరంతా చెప్పింది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని ఇంటి ముందు నిలబడే అనేవాళ్ళు. కొనేది ఎవరో, ఎందుకు కొంటారో తాతకు తెలుసు. అందుకే అమ్మలేదు. అవ్వ కమ్మలు తాకట్టు పెట్టి ఉలవలు తెచ్చింది. ఆ ఏడాది మా నాన్న స్కూలు ఫీజు కట్టలేదు, తరగతి బయట నిలబెట్టారు. నాన్నకు ఆ గుర్రం మీద ప్రేమా ఉంది, ఆ బాధా ఉంది. ఇప్పటికీ ఆ మాట వస్తే లేచి బయటికి పోతాడు.

నాకు గుర్తున్నది ఒకటే. కొట్టంలోకి పోయేముందు తాత గడప దగ్గర ఆగి మెల్లగా దగ్గేవాడు, కళ్ళు లేని గుర్రం ఉలిక్కిపడకూడదని. మమ్మల్ని కూడా దగ్గి లోపలికి రమ్మనేవాడు.

చంద్రగిరి నాన్న:
నిన్న రాత్రి ఇవన్నీ ముగ్గురం కలిసి చదివాం. మా ఆవిడ కాగితం తీసుకుని లెక్క వేసింది. నెలకు 9,000 దాకా వస్తోంది, అదీ జీతం మనిషి లేకుండా. అది ఎట్లోకట్ల తట్టుకుంటాం. కానీ గుర్రం పాతికేళ్ళకు పైన బతుకుతుందట. మా పాప కాలేజీకి పోయేనాటికి దీనికి పన్నెండు. సగం జీవితం ఇంకా మిగిలే ఉంటుంది, పాప హాస్టల్లో ఉంటుంది. అప్పుడు నేనూ మా ఆవిడా చూసుకోవాలి, లేదా ఎవరికో అమ్మాలి. జట్కా తాత మాట చదివాక అమ్మడమనే దారి నాకు దారిలా కనబడటం లేదు.

పాప చుక్క గురించి చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చుక్కకు ఎన్నేళ్ళు నాన్నా?" అంది. అక్కా, చెప్పగలిగితే చెప్పండి.

గుర్రాన్ని ఇప్పుడు కొనడం లేదని ఆయనకు చెప్పేశాను. చిత్తూరు అన్నా, ఒక ఏడాది పాటు ఆదివారాలు పాపను మీ కొట్టానికి తీసుకొస్తే మీకు ఇబ్బందా? పేడ ఎత్తడం, గిట్టలు శుభ్రం చేయడం, ఏ పనైనా సరే. నేనూ చేస్తాను.

పలమనేరు అమ్మ:
తొమ్మిదేళ్ళు తల్లీ.

చిత్తూరు ఊరేగింపు:
ఇబ్బందేమీ లేదన్నా. ఆదివారం ఐదున్నరకు రండి, మేత వేసే వేళకు. పాపకు చెప్పులు వద్దు, బూట్లు వేయండి.